ఎక్కడికి అని అడగని ఇల్లు

మధ్యాహ్నం మగవాళ్లు భోంచేసి ఉల్లిపాయల కొట్టుకు వెళ్లగానే నేనూ మా అత్తగారూ టీవీ ముందు చేరతాం. ఊరు తాడేపల్లిగూడెం. చూసేవి మాత్రం ఇంగ్లండు హత్యలు. మూడు భాగాలు, మహా అయితే నాలుగు. మన సీరియళ్లలో కోడలు మెట్లు దిగడానికే వారం పడుతుంది. నాకంత ఓపిక లేదు. వీటిలో సోమవారం శవం దొరికితే బుధవారానికి దోషి దొరుకుతాడు.

ఆ వారం నాకు అలాంటివే మరీ కావలసి వచ్చాయి. అంతకు ముందు శుక్రవారం ఏలూరు వెళ్లాను. ఎడమ రొమ్ములో తగిలిన గడ్డ నుంచి సూదితో చిన్న ముక్క తీసి, పరీక్షకు పంపి, వచ్చే శుక్రవారం రమ్మన్నారు. ఇంట్లో చెప్పలేదు. చెబితే మా ఆయన కొట్టు మూసుకుని కూర్చుంటారు, అత్తగారు అన్నం మానేస్తారు. నా భయాన్నే నేను మోయలేకపోతున్నాను, వాళ్లనెక్కడ ఓదార్చను?

అబద్ధమాడే అవసరం కూడా రాలేదు. బయలుదేరేవాళ్లను "ఎక్కడికి" అని అడిగితే వెళ్లిన పని చెడుతుందని మా ఇంట్లో గట్టి నమ్మకం. పొరపాటున ఎవరైనా అడిగితే వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా అత్తగారు నన్ను ఒక్కసారీ అడగలేదు.

సోమవారం కొత్త కథ మొదలుపెట్టాం. బురదనేల, మబ్బు, నీళ్లలో ఒకావిడ శవం. అత్తగారి పుట్టిల్లు ముదినేపల్లి వైపు.

"అచ్చం మన కొల్లేరు కిక్కిసలాగే ఉందమ్మాయ్, ఆ గడ్డి" అని ముందుకు జరిగారు.

ఆవిడకు ఇంగ్లీషు రాదు, నేను తెలుగులో చెబుతుంటాను. వానకోటు వేసుకున్న ఇన్‌స్పెక్టరమ్మ అందరినీ ఒకటే అడుగుతోంది: ఆ రోజు ఎక్కడికి వెళ్లారు?

"గుమ్మంలోనే అడిగేస్తుందేవిటి, ఆ మనిషి పని ఇంక అయినట్టే" అని అత్తగారు విసుక్కున్నారు.

"అడక్కపోతే ఎలా తెలుస్తుందండీ?"

"చూస్తే తెలీదూ? చచ్చిపోయినావిడ మొగుడు వచ్చిన పోలీసులకి టీ ఇచ్చాడు, తన కప్పు ముట్టుకోలేదు. చెడు కబురు దాచుకున్నవాడికి టీ దిగదు."

మంగళవారం నేను కుదురుగా కూర్చోలేకపోయాను. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకొచ్చానో తెలియక తిరిగొస్తాను. రిమోటు నొక్కి కథను ముందుకు తోస్తాను, ఏం జరిగిందో అర్థంకాక వెనక్కి తెస్తాను. చెయ్యి దానంతటదే చంక కిందికి పోయేది. గడ్డ అక్కడే ఉండేది. బుధవారం దోషి దొరికాడు, మొగుడే. శుక్రవారానికి ఇంకా రెండు రోజులుంది. నాకు ఒళ్లు మండింది.

శుక్రవారం పొద్దున చెప్పులు వేసుకుని, "వెళ్లొస్తానండీ" అన్నాను.

"ఎక్కడికి?"

చెవులను నమ్మలేకపోయాను. "అదేవిటండీ, గుమ్మం దాటుతుంటే..."

"అడిగాను కదా. వచ్చి కూర్చో."

కూర్చున్నాను. అత్తగారు మంచినీళ్లు తెచ్చారు. "పోయిన వారం ఏలూరు రైలు టికెట్టు నీ సంచీలో చూశాను. ఇన్నేళ్లలో ఏలూరు నుంచి ఒట్టి చేతులతో ఎప్పుడైనా వచ్చావా? ఆ రోజు నుంచి బట్టలారేసేటప్పుడు ఎడం చెయ్యి పైకెత్తడం లేదు."

చెప్పేశాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "తెలిసీ వారం రోజులు ఊరుకున్నారా?"

"అడిగితే పని చెడుతుందని భయపడ్డానమ్మా." ఆవిడ గ్లాసు నా చేతిలో పెట్టారు. "ఇవాళ నిన్నొక్కదాన్నీ పంపించాలంటే అంతకన్నా భయమేసింది."

నేను నీళ్లు తాగాను. ఆవిడ చెప్పులు వెతుక్కుంటున్నారు.

"మీరెక్కడికండీ?" అన్నాను.

ఆవిడ నన్నోసారి చూసి, వచ్చి నా పక్కన కూర్చుని, గ్లాసులో మిగిలిన నీళ్లు తాగారు. ఈలోగా రైలు వెళ్లిపోయింది. బస్సులో వెళ్లాం.

ఏలూరులో డాక్టరమ్మ మా కాగితాలు తిరగేస్తోంది. నాకు కాళ్లు నిలవడం లేదు, కుర్చీ కింద ఒకటే ఊపుతున్నాను. అత్తగారు నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కారు.

"టీ తాగుతోంది, చూడు" అన్నారు మెల్లగా. "ఏం లేదమ్మాయ్."

డాక్టరమ్మ కప్పు కింద పెట్టి, అదే మాట చెప్పింది.