వించికి కట్టిన దారం

మా చిన్నాయనను బావి దెయ్యం చంపిందని మా వాళ్ళంతా చెప్తారు. పెళ్ళిళ్ళలో చెప్తారు, దినాల్లో చెప్తారు, కొత్తగా వచ్చిన కోడళ్ళను కూర్చోబెట్టి మరీ చెప్తారు. జీపుకు బిగించిన వించి బావులు తవ్వేవాళ్ళ దగ్గర నుంచి వచ్చిందట. వాళ్ళు తవ్విన బావిలో ఒక మనిషి పోయాడట. పోయినవాడు ఆ ఇనుమును వదలకుండా మూడేళ్ళు కాచుకుని మా చిన్నాయనను తీసుకుపోయాడట. ఇందులో మొదటి రెండు ముక్కలు నిజం. మూడోది అబద్ధం అని నేనంటే, "నీకేం తెలుసుమ్మే, సదువుకున్నదానివి" అని నోరు మూయిస్తారు. చదువుకుంటే తెలిసింది కూడా తెలియకుండా పోతుందని మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా వినలేదు.

ఇన్నేళ్ళూ వాళ్ళతో దెయ్యం లేదని వాదించానే గానీ, దెయ్యం కాకపోతే మరేమిటో ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

బంగారుపాళ్యం దాటి లోపలికి పోతే మాకు మామిడి తోట ఉండేది. రోడ్డుకూ తోటకూ మధ్య ఒక వంక, చిన్న వాగు. ఎండాకాలం ఇసుక, వానాకాలం బురద. నాయన మిలిటరీ వేలంలో ఒక పాత జీపు కొన్నాడు, నాలుగు చక్రాలూ లాగే రకం. ఆ వంకలో అదీ దిగబడేది. దిగబడినప్పుడల్లా పక్క తోట ఎద్దులు రావాలి. జీపు నడిపేది నాయన తమ్ముడు, మా చిన్నాయన. ఎద్దుల చేత జీపు లాగించుకోవడం ఆయనకు చచ్చేంత నామోషీ. అందుకే వించి పెట్టిద్దామని ఆయనే పట్టుబట్టాడు.

వించి అంటే పెద్ద విద్యేమీ కాదు. ఇనుప తాడు చుట్టిన డ్రమ్ము. దాన్ని జీపు ముందర బిగిస్తారు. తాడు కొస తీసుకుపోయి చెట్టుకు కట్టి డ్రమ్ము తిప్పితే జీపు తనను తానే లాక్కుంటుంది. బండికి కడితే బండిని లాగుతుంది.

నేను అప్పుడు తిరుపతిలో బి.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్నాను. ఎండాకాలం సెలవులు. నాయనా, చిన్నాయనా, నేనూ చిత్తూరులో బండ్లు బాగుచేసే మేస్త్రి షెడ్డుకు పోయాం. ఆయన రెండు వించిలు చూపించాడు. ఒకటి లారీ నుంచి ఊడదీసింది, ఇంజను బలంతో తిరిగేది. రెండోది చేత్తో తిప్పేది, బావి పని వాళ్ళు అమ్మేసింది.

"అన్నా, ఈ లారీదాన్ని సూడు," అన్నాడు చిన్నాయన. "గేరు లాగితే సాలు. పనంతా ఇంజనే సేస్తాది. మనం బీడీ కాల్చుకుంటా నిలబడొచ్చు."

"నీ బీడీ కోసమా వించి కొనేది?" అన్నాను.

"అన్నా, నీ కూతురికి తిరపతిలో సదువు చెప్తా ఉండారా, కొట్లాట నేర్పిస్తా ఉండారా?"

నాకు ఆ మాటే చాలింది. ఇంజనుకు బరువు తెలియదు, తాడు తెగేదాకా లాగుతూనే ఉంటుంది, చేతికైతే బరువు తెలుస్తుంది, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది అని పళ్ళ చక్రాల లెక్క నేల మీద గీసి చూపించాను. ఇంజను ఆగిపోయి వంకలో కూర్చున్నప్పుడు ఇంజనుతో తిరిగే వించి ఏం ఉద్ధరిస్తుందని అడిగాను. నాయన నవ్వి, "అబ్బోడా, ఓడిపోయినావు," అన్నాడు. చేతి వించే ఖాయమైంది.

మేస్త్రి దాచలేదు. "ఒక మాట చెప్పాల సామీ. ఇది పని సేసిన బాయిలో ఒకడు పోయినాడు. గాలి లేక పోయినాడు. దీని తప్పు గాదు. అయినా చెప్పడం నా ధర్మం."

"గాలి లేక పోతే వించి ఏం చేస్తుంది?" అన్నాను నేను. నాయన ఇంకో అడుగు ముందుకేశాడు: "ఆ దెయ్యమేదో వచ్చి నాలుగు తిప్పులు తిప్పినా మంచిదేలే అప్పా." శ్మశానం పక్కన తోట చవగ్గా వస్తే సంతోషంగా కొన్న మనిషి ఆయన.

బిగించడానికి రెండు రోజులు పట్టింది. ముందున్న బంపరు విప్పేసి, ఛాసిస్ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన రెండు కొమ్ములకూ అడ్డంగా మందపాటి ఇనుప పలక పెట్టి, దాని మీద వించి కూర్చోబెట్టారు. బంపరుకే బిగించమని చిన్నాయన తొందరపెడితే, "బంపరుకు బిగిస్తే బండి రాదు, బంపరే వస్తాది," అన్నాడు మేస్త్రి. అంతా అయ్యాక నన్ను దగ్గరికి పిలిచి పళ్ళ చక్రం మీద వాలి ఉన్న చిన్న ఇనుప ముక్కను చూపించాడు. దాన్ని నాలుక అంటారు. హ్యాండిలు తిప్పుతుంటే ఒక్కో పన్ను దాటి లోపలికి పడుతుంది. తాడు వెనక్కి లాగినా డ్రమ్ము తిరగనివ్వదు.

"పాపా, ఈ సద్దు విను. టక్కు, టక్కు అని గట్టిగా రావాల. సద్దు మెత్తబడిందంటే నాలుక సగమే కరస్తా ఉండాదని. అప్పుడు హ్యాండిలు కాడ మనిషి ఉండకూడదు. దీని కింద ఏదీ అడ్డం పడనీయొద్దు."

నాకెందుకు చెప్పాడంటే, వించి గురించి అంత నోరు పెట్టుకుని వాదించింది నేనే కదా.

ఆ ఏడు ఆయుధ పూజకు జీపు కడిగి పసుపూ కుంకుమా పెట్టాం. మా ఇంట్లో పనిముట్లకు పసుపు దారం కడతారు. కట్టిన దారం తెంచకూడదు, దానంతటది రాలిపోవాలి. కొడవలికీ, పారకూ, కావడికీ అంతే. వించికి దారం కట్టడం నా వంతు. హ్యాండిలుకు కట్టబోతే, "ఆడ కట్టొద్దు, చేతికి రాసుకుంటాది," అన్నాడు చిన్నాయన. డ్రమ్ముకు కడితే తాడుతో నలుగుతుంది. చేతికీ తాడుకూ తగలకుండా, అందంగా, నాలుక మొదట్లో చుట్టి ముడి వేశాను. ఫిజిక్స్ చదివినదాన్ని. అక్కడైతే తొందరగా తెగదని కూడా అనుకున్నాను.

తెగలేదు. మరుసటి ఏడు దాని మీదే ఇంకోటి కట్టాను. మూడో ఏడు ఇంకోటి. నూనే, బురదా పట్టి మొదటి రెండూ తోలు ముక్కలా గట్టిపడ్డాయి. కళ్ళకద్దుకుని కట్టాను గానీ కింద ఏముందో చూడలేదు.

మూడో ఏడు దసరా పోయిన కొద్ది రోజులకు తుపాను వానలు. మధ్యాహ్నం పక్క తోట రైతు చెరుకు బండి వంకలో దిగబడింది. ఎద్దుల్ని విప్పేశారు గానీ బండి కదల్లేదు, నీళ్ళు ఇరుసు దాకా వచ్చాయి. ఎన్నోసార్లు మా జీపును లాగిన ఎద్దులవి. చిన్నాయన మొహం వెలిగిపోయింది. "ఈరోజు మనం లాగుదాం పా," అన్నాడు.

గట్టు మీద జీపు నిలిపి నాయన బ్రేకు మీద కాలు పెట్టి కూర్చున్నాడు. తాడు బండికి కట్టారు. చిన్నాయన హ్యాండిలు పట్టుకున్నాడు. నేను పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

"సూడు మ్మే, నీ చేతి వించి పౌరుషం!"

"వించిది సరే, నీది చూపించు చిన్నాయనా!"

టక్కు, టక్కు, టక్కు. బండి ఒక మూర కదిలింది. తాడు వీణ తీగలా బిగిసింది. అప్పుడు ఆ సద్దు మెత్తబడింది. నాకు వినిపించింది. గొడుగు మీద వాన చప్పుడనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, వాన చప్పుడే అయి ఉండాలని కోరుకున్నాను. నోరు తెరవడానికి ఎంతసేపు పడుతుంది? ఊరందరి మీదా లేచే ఈ నోరు అప్పుడు లేవలేదు.

నాలుక జారింది. హ్యాండిలు వెనక్కి గిర్రున తిరిగి ఆయన రొమ్ము మీద కొట్టింది. చిత్తూరు ఆసుపత్రికి చేరేలోపల ప్రాణం పోయింది. దోవలో ఆయన తల నా ఒళ్ళోనే ఉంది.

మరునాడు పొద్దున, ఇంటి ముందు జనం చేరకముందే, జీపు దగ్గరికి పోయాను. కిరసనాయిలు వాసన. నాలుక మెరిసిపోతోంది. దారాలు లేవు. ముడి లేదు, పోగు లేదు, పసుపు మరక కూడా లేదు. కిరసనాయిలుతో తుడిచి తళతళలాడించారు. ఇంట్లోకి వస్తే నాయన తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఎంతసేపు కడుక్కున్నాడో. నా వైపు చూడలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళతో ఆ రోజే ఆయన మొదలుపెట్టాడు: "ఆ ఇనుము మంచిది గాదప్పా. ముందే ఒకర్ని మింగినాది. తెలిసి తెలిసి తెచ్చినాను." దెయ్యం చేత హ్యాండిలు తిప్పిస్తానన్న మా నాయన. పదకొండో రోజు వించి విప్పించి, గుమ్మడికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, అందరూ చూస్తుండగా పాడుబావిలోకి తోయించాడు. ఆ తర్వాత కథను ఎవరూ మోయాల్సిన పని లేకపోయింది. దానంతటదే నడిచింది.

దెయ్యమే నిజమైతే నాకెంత హాయిగా ఉండేది! దెయ్యమైతే అమావాస్యకో ఆదివారానికో వస్తుంది. నాకు ఆ సద్దు అంగడి షట్టరు దించినప్పుడు వస్తుంది, చెరుకు రసం మిషను తిరిగినప్పుడు వస్తుంది. నిలబడిపోయి వింటాను. గట్టిగా ఉన్నంతసేపూ ఊపిరి పీల్చుకుంటాను.

నాయన ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. నా పెళ్ళి చేశాడు, నా పిల్లల్ని ఎత్తుకున్నాడు. వించి మాట నా ముందర ఎత్తలేదు, నేనూ అడగలేదు. ప్రతిదానికీ వాదించే కూతురు ఆ ఒక్కదానికి తనతో వాదించలేదెందుకో ఆయనకు తెలియకుండా ఉంటుందా? మంచం పట్టిన చివరి రోజుల్లో పక్కన కూర్చుని ఎన్నోసార్లు నోటిదాకా తెచ్చుకుని మింగేశాను.

ఆ నాలుక కింద మూడేళ్ళ దారాలు వేలికి తగిలినప్పుడు, నాయనా, నీకు ముందు గుర్తొచ్చింది ఎవరు? పోయిన తమ్ముడా, లోపల పడుకుని ఉన్న నేనా?