గుడిసెకి కిటికీ

సాయంత్రం నుంచి ఒళ్ళు మండిపోతోంది, అందుకే రాస్తున్నాను.

ఒకప్పుడు ఆస్ట్రేలియాకి వలసపోయిన ఐరిష్ కుటుంబాల మీద నేను నవల రాస్తున్నానని మీకు తెలుసు. ఇక్కడ గల్ఫ్‌లో ఇవాళ శుక్రవారం సెలవు కదా, మదీనత్ ఖలీఫాలో మా ఇంటికొచ్చిన స్నేహితులకి కొత్త అధ్యాయం చదివి వినిపించాను. మండుటెండల్లో, కిటికీ లేని ఒకే గుడిసెలో మూడు కుటుంబాలు ఉడికిపోయే ఘట్టం అది.

మా పక్కింటి మూర్తిగారు ఒక కంపెనీ లేబర్ క్యాంప్‌కి ఇన్‌ఛార్జి. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "ఒక్క కిటికీ అయినా పెట్టండి మేడమ్, పాపం వాళ్ళూ మనుషులే కదా" అన్నారు.

అంతలో ఆయనకి క్యాంప్ నుంచి ఫోన్. వరల్డ్ కప్ స్టేడియం పనికి కూలీల కొత్త బ్యాచ్ దిగిందట.

"ఏసీ పాడైన రూమ్ ఉందిగా, అందులోనే ఇంకో నాలుగు మంచాలు వేసెయ్. వాళ్ళకి అలవాటే" అన్నారు, సమోసా తుంచుకుంటూ.

"మరి వీళ్ళు మనుషులు కారా మూర్తిగారూ?" అని అడిగేశాను.

"అది నవల మేడమ్, ఇది డ్యూటీ" అన్నారాయన. పైగా ఇంకో కప్పు టీ అడిగారు. ఇచ్చాను కూడా, నా మర్యాద తగలెయ్య.

గుడిసెకి కిటికీ పెట్టడానికి నాకు ఒక్క వాక్యం చాలు. ఆ ఏసీ బాగుచేయించడానికి ఆయనకి ఒక్క ఫోన్ చాలు. ముందు ఎవరు కదలాలో మీరే చెప్పండి.