బద్వేలు చైన్ బండికి శనివారం జబ్బు

2023 ఎండాకాలం. కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో నాకో చిన్న షెడ్డు ఉంది. ఎక్స్‌కవేటర్లకు హైడ్రాలిక్ పని చేస్తాను. బూమ్ అనే ఆ పెద్ద చెయ్యి లేవాలన్నా, బకెట్ నేలలో దిగాలన్నా నూనె ఒత్తిడే బలం. ట్యాంకులోని నూనెను లాగి నెట్టేది పంప్. ఇన్నేళ్ల పనిలో ఎన్నో మొండి బండ్లను చూశాను గానీ, బద్వేలు ఓబుల్ రెడ్డి బండి తిప్పినట్టు నన్ను ఏదీ తిప్పలేదు.

ఓబుల్ రెడ్డిది చీనీ తోట, అంటే బత్తాయి తోట. మూతపడిన నాపరాయి గనిలో ఏళ్ల తరబడి ఎండావానలకు నిలబడిన చైన్ బండిని, అంటే ఇనప పట్టాల మీద నడిచే ఎక్స్‌కవేటర్‌ను కొని, లారీ మీద వేసుకుని నేరుగా నా షెడ్డుకు వచ్చాడు.

"నూనె మారిస్తే పోతాది మస్తానన్నా," అన్నాడు దిగీదిగగానే.

ట్యాంకు తెరిచి చూస్తే నూనె మజ్జిగలా తెల్లగా ఉంది. అంటే నీళ్లు కలిశాయి. అడుగున బురద, సిలిండర్ రాడ్ల మీద తుప్పు, పట్టుకుంటే పెళుసుగా విరిగే రబ్బరు గొట్టాలు. ఇది నూనెతో పోయే రోగం కాదు, మొత్తం విప్పాలి అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది.

"బోర్లు ఎండినాయన్నా. పోయిన ఎండలకే ఒక పక్క చెట్లు పోయినాయి. ఈ వానలకు ముందు కుంట తవ్వుకోకుంటే మిగిలినవీ దక్కవు. బాడుగ బండి ఒక్కటీ దొరకడంల్యా," అన్నాడు.

ఆ మాట విన్నాక కాదనలేకపోయాను. పంప్ విప్పి అరిగిన భాగాలు మార్చాను. సిలిండర్లకు కొత్త సీల్ కిట్లు వేశాను. సీల్ అంటే నూనె కారకుండా ఆపే రబ్బరు వలయం. ట్యాంకు కడిగించి కొత్త మూత బిగించాను. ఇదంతా చేస్తున్నంతసేపూ ఓబుల్ రెడ్డి నా నెత్తి మీదే. ఫోన్లో ఏదో వీడియో చూపించి, "వీళ్లు ఒక పూటలో చేస్తాండారు చూడన్నా," అనేవాడు. మరి ఆ పూటవాళ్ల దగ్గరికే పొమ్మని నోటిదాకా వచ్చేది. చివరికి బండి నా షెడ్డులో పొద్దంతా నడిచింది, ఒక్క చుక్క కారలేదు. పీడ వదిలిందనుకుని పంపేశాను.

తరువాతి శనివారం ఫోన్. "అన్నా, బండి ఏడుస్తాండాది. బూమ్ వణుకుతాండాది."

పంప్ ఏడుస్తోందంటే దానికి నూనె సరిగా అందడంలేదని అర్థం. అలాగే నడిపితే కొత్త భాగాలు కూడా తినేస్తుంది. నంద్యాల, మైదుకూరు మీదుగా ఆ ఎండలో పడి పోయాను. వెళ్లేసరికి బండి తళతళలాడుతోంది. మిస్త్రీ వస్తున్నాడంటే ఇంటికి చుట్టం వచ్చినట్టు బండిని పైనుంచి కిందిదాకా కడిగి నిలబెట్టడం వాళ్ల మర్యాద. స్టార్ట్ చేస్తే ఏడుపూ లేదు, వణుకూ లేదు. ప్రెజర్ గేజ్ పెట్టి చూస్తే ఒత్తిడి ఉండాల్సినంత ఉంది.

"నిన్ను జూస్తే నోరు మూసుకుంటాది," అన్నాడు ఓబుల్ రెడ్డి, తప్పు నాదైనట్టు.

ఆపై శనివారం మళ్లీ అదే ఫోన్. మళ్లీ పోయాను. మళ్లీ కడిగిన బండి, మళ్లీ ఏ రోగమూ లేదు. అనుమానంతో పంప్‌కు నూనె వచ్చే గొట్టం విప్పి చూశాను. శుభ్రంగా ఉంది. ఈలోపు నేను పాత పంప్ అంటగట్టానని బద్వేలులో ప్రచారం మొదలైంది. కోపంతో నా చెవులు మండిపోయాయి. అటు చూస్తే కుంట మోకాటి లోతు కూడా లేదు, పడమట మబ్బులు కమ్ముతున్నాయి.

మూడో శనివారం ఫోన్ వచ్చేసరికి తిక్క రేగింది. బండికి వారాలెలా తెలుస్తాయి? వస్తానన్నాను గానీ ఆ రోజు పోలేదు. శనివారానికి ముందు ఏం జరుగుతోందో చూద్దామని, తరువాతి శుక్రవారం, ఎవరికీ చెప్పకుండా, పొద్దున్నే తోట దగ్గరికి చేరుకున్నాను.

ఓబుల్ రెడ్డి భార్య రామలక్షుమ్మ తలస్నానం చేసి, పళ్లెంతో వచ్చింది. చైన్ మీద కాలు పెట్టి బండెక్కింది. గిన్నెడు పసుపు ముద్దను ట్యాంకు మూతకు చుట్టూ మెత్తింది. దాని మీద రూపాయంత కుంకుమ బొట్టు పెట్టింది. ఆ పక్కనే కర్పూరం వెలిగించేసరికి నా ప్రాణం పోయినంత పనైంది.

విషయం అంతా ఆ మూతలోనే ఉంది. దాన్లో బ్రీదర్ అని సన్నటి రంధ్రాలుంటాయి. బూమ్ లేచినప్పుడు ట్యాంకులో నూనె తగ్గుతుంది, ఆ మేరకు గాలి లోపలికి పోవాలి. పోకపోతే పంప్ ఎంత లాగినా నూనె రాదు. ప్రతి శుక్రవారం మెత్తే ఆ పసుపు శనివారానికి ఎండి రంధ్రాలను మూసేస్తోంది. నేను వస్తున్నానని బండి కడిగినప్పుడల్లా అదంతా కొట్టుకుపోతోంది. మిగిలిన మరక పసుప్పచ్చ బండి మీద ఎవరికి కనబడుతుంది?

నోరు తెరవడానికి జంకాను. పూజ వల్ల బండి చెడిందని మస్తాన్ అనే పేరున్న నాలాంటి ముస్లిం అంటే ఎలా తీసుకుంటారోనని. కానీ మబ్బులు నా మొహమాటం కోసం ఆగవు కదా. చెప్పేశాను.

ఓబుల్ రెడ్డి మండిపడ్డాడు. "పంప్ సంగతి తెలీక పూజకు వంక పెడ్తాండావా?"

ఆమె మాత్రం మూత వైపే చూస్తోంది. "అంటే, ఇన్నాళ్లు దాని ముక్కు మూసింది నేనేనా అన్నా?"

"తెలిసి చేసింది కాదులేక్కా."

ఆమె పైట కొంగుతో పసుపు తుడవడం మొదలుపెట్టింది. నేను మూత తీసుకుని డీజిల్‌తో కడిగి బిగించాను. మధ్యాహ్నం దాకా తవ్వించాను. పంప్ కిక్కురుమనలేదు. ఓబుల్ రెడ్డి కూడా.

"మరి బొట్టు యాడ పెట్టాల?" అని అడిగింది ఆమె. వెనకున్న పెద్ద ఇనప దిమ్మె చూపించాను.

"వెనకపక్క ఎవురన్నా బొట్టు పెట్టుకుంటారా?" అంది చిరాగ్గా. చివరికి బూమ్ మొదట్లో, దేనికీ అడ్డంలేని ఇనుము మీద ఒప్పందం కుదిరింది.

ఆ రోజు నుంచి ఏ బండి వచ్చినా ముందు గేజ్ తియ్యను. ఎవరు నడుపుతారు, ఎవరు కడుగుతారు, ఎవరు పూజ చేస్తారు, ఎక్కడ చేస్తారు, అన్నీ అడుగుతాను. మిస్త్రీకి ఇవన్నీ ఎందుకని చాలామంది నవ్వుతారు. బండిని నేను నాలుగు రోజులు చూస్తాను, మిగతా కాలమంతా అది వాళ్ల చేతుల్లో ఉంటుంది. ఆ చేతుల సంగతి ఏ మాన్యువల్‌లోనూ రాయరు.

కుంట అనుకున్నంత లోతు తవ్వకముందే వాన పడింది. మరుసటి ఉదయం ఓబుల్ రెడ్డి ఫోన్ చేశాడు. అలవాటు కొద్దీ తిట్లకు సిద్ధపడి ఎత్తాను.

"నీళ్లు నిలిచినాయన్నా. సగం తోటకన్నా వస్తాయి," అన్నాడు.

మిగతా సగం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఎప్పుడూ నా మీద అరిచి టక్కున ఫోన్ పెట్టేసే మనిషి, ఆ రోజు రాత్రి వాన ఎలా కురిసిందో మొదటినుంచీ చెబుతూ చాలాసేపు పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.