ఐగుప్తులో పద్నాలుగు ఇండ్లు

పోయినవి ముందు చెబుతాను. ఏడు నోటుపుస్తకాలు. ఒక్కోదానికి నలభై ఎనిమిది ఆకులు, మొత్తం మూడు వందల ముప్పై ఆరు. పద్నాలుగు ఇళ్ల నుంచి ఇంటికి తొమ్మిది చొప్పున నూట ఇరవై ఆరు దినాల వెట్టి, అదీ మామూలు వెట్టి మీద అదనంగా. అచ్చు వేయిస్తామని మాట ఇచ్చిన ఒక పుస్తకం. నా బిడ్డ నోరు, పదిహేడు నెలలు. దాని ఎడమ కాలి వేళ్లు రెండు కూడా పోయాయి, కానీ అవి అంతకు ముందే పోయాయి. వాటిని ఈ వరుసలో కలిపితే నా లెక్క కూడా పట్వారీ లెక్క లాంటిదే అవుతుంది.

నేను ఖాజాగూడ బండల దగ్గర రాయి కొడుతూ రాళ్ల లెక్క చూసేవాణ్ని. బడి ముఖం చూడలేదు. మా నాయన ఏడు బండ్ల రాయి కొడితే గుత్తేదారు ఆరు అనేవాడు. నాకు ఒళ్లు మండి, బండ మీద బొగ్గుతో గీతలు గీయడం మొదలుపెట్టాను. గీతల తరువాత అంకెలు, అంకెల తరువాత ఎక్కాలు. ముప్పై దాటాక అక్షరాలు. అన్నీ అడిగి, చూసి, తప్పులు చేసి నేర్చుకున్నవే. మా పద్నాలుగు గుడిసెల్లో ఎవరు ఎన్ని గంపలు మోశారన్నా, ఎన్ని బండ్లు ఎత్తారన్నా నన్నే అడుగుతారు.

నార్సింగి తోవలో దొర తన బంగళా చుట్టూ ప్రహరీ కట్టించుకున్నాడు. కూలి ఇవ్వలేదు. ఇంటికొక మనిషి, నెలకు తొమ్మిది దినాలు, పొద్దున ఒక్కపూట జొన్న గటక. ఆ గోడకు అరవై బండ్ల రాయి పోయింది. నలభై ఒకటో బండి దింపుతుంటే రాయి జారి నా బిడ్డ కాలి మీద పడింది. అప్పుడు దానికి పదిహేనేళ్లు. తల్లి లేదు. నేనే బండి మీద వేసుకుని బోరబండ అవతల ఉన్న మిషను దవాఖానకు తీసుకుపోయాను. నలభై మూడు దినాలు అక్కడ ఉన్నాం. పట్వారీ దఫ్తరులో ఆ దినం ‘పని సాఫీగా జరిగినది’ అని రాసి ఉంది. తరువాత నేను చూశాను.

దవాఖానలో ఒక నర్సమ్మ ఉండేది, కోస్తా వైపు మనిషి. కట్టు విప్పేటప్పుడు పిల్ల ఏడవకుండా బైబిలు కథలు చెప్పేది. లోకమంతా మునిగిన వాన కథ, పడవ కథ, ఐగుప్తు రాజు కింద బానిసలైన జనం కథ. నా బిడ్డ ఊరికే వినే రకం కాదు.

“నర్సమ్మా, రెండు పులులు, రెండు గొర్రెలు ఒక్క పడవల ఎక్కితే మొదటి పొద్దే గొర్రెల జాతి ఖతం కదా?”

“దేవుడు చూసుకున్నాడమ్మా.”

“చూసుకుంటే చూసుకున్నడు. ఆ పడవల నా ఈడు పిల్లలు లేరా? వాళ్లేం చేసిన్రు?”

నర్సమ్మ చేతిలో దూది అట్లాగే పట్టుకుని నవ్వింది. “నాకు తెలీదే. నువ్వే చెప్పు.”

అదే మొదలు. కట్టు విప్పిన ప్రతిసారీ నర్సమ్మ చెప్పిన కథను నా బిడ్డ మార్చి చెప్పేది. దాని కథలో పడవ నడిపేది ముసలాయన మనవరాలు. పులులకు ఆకలైనప్పుడల్లా ఆ పిల్ల వాటికి కథ చెబుతుంది. కథ అయ్యేదాకా అవి ఆకలి మరిచిపోతాయి. అందుకని కథ అయిపోకూడదు. దినానికి ఒక్కపూట తినే ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ ఉపాయం తోచడంలో వింత ఏముంది? చివరికి నీళ్లు తగ్గి పడవ ఆగింది ఎక్కడంటే మా ఖాజాగూడ పెద్ద బండ మీద.

ఇంటికి వచ్చాక దాన్ని రాయమన్నది. “నాయినా, నేను చెప్త, నువ్వు రాయి. లెక్కలు నువ్వే పెట్టు.”

పడవ మూడు వందల మూరల పొడవు, యాభై వెడల్పు, ముప్పై ఎత్తు అని నర్సమ్మ చెప్పింది. మూరెడు మూరెడు పెట్టెలుగా కోస్తే నాలుగున్నర లక్షల పెట్టెలు పడతాయి. రెండు ఏనుగులకు ఎంత మేత, ఆ మేతకు ఎంత చోటు, పేడ ఎత్తడానికి ఎందరు మనుషులు కావాలి, ఇవన్నీ కూర్చుని తేల్చాను. బిడ్డ నెత్తి కొట్టుకునేది. “నాయినా, జర జల్ది! నువ్వు పేడ ఎత్తే వరకు నా పడవ మునుగుతది.”

నగరంలో కాగితాలు కొనుక్కొచ్చాను. అది మడిచి దారంతో కుట్టింది. పదకొండు నెలల్లో ఏడు పుస్తకాలయ్యాయి. మధ్యాహ్నం పని ఆపినప్పుడు బండ నీడలో నేను చదివితే, పద్నాలుగు ఇళ్ల ఈడొచ్చిన పిల్లలంతా గటక గిన్నెలు పట్టుకుని వినేవాళ్లు. ఎవరి పేరూ పెట్టలేదని గొడవ చేసేవాళ్లు. ఒకడు తనను కనీసం చేపగానైనా పెట్టమన్నాడు.

ఆరు, ఏడు పుస్తకాలు ఐగుప్తు కథ. బిడ్డను బుట్టలో పెట్టి నీళ్లలో వదులుతారు కదా, దూరం నుంచి కాపలా కాసిన ఆ బిడ్డ అక్కే మా కథలో అన్నీ. బుట్ట మేము రాళ్లు మోసే గంప. నది మా ఖాజాగూడ చెరువు. ఆ అక్కకు రాళ్ల మాట వినపడుతుంది. ఈ బండలన్నీ ఒకప్పటి మనుషులు, నిద్రపోతున్నారు. తమ మీద పడ్డ ప్రతి సుత్తి దెబ్బా వాళ్లకు గుర్తే. చివరికి రాజు సైన్యం తరుముకొస్తే ఆ అక్క పిలుస్తుంది. బండలు లేచి వరుసగా చెరువులోకి దిగి, అటు ఇటు నిలబడి, నీళ్లను వీపులతో ఆపుతాయి. మధ్యలో జనం నడిచిపోతారు. పాతికేళ్లు ఆ బండలను కొట్టిన నా చేతులతోనే అది రాశాను.

నర్సమ్మ చదివి, పక్కూరి వాళ్లు కూడా వినేట్టు అరిచింది. “ఇది అచ్చు వేయించాలండీ! ఈ వయసు పిల్లలకు మన భాషలో ఇట్లాంటివి ఎక్కడున్నాయండీ? నాకు నెల రోజుల్లో బదిలీ. ఆ లోపల శుభ్రంగా రాసి ఇవ్వండి, నేనే పట్టుకెళ్తాను.”

ఇక్కడ నేను చేసిన పని చెబుతాను. నా అక్షరాల్లో తప్పులుంటాయని నాకు భయం. ఊళ్లో బాగా చదువుకున్నవాడు పట్వారీ ఒక్కడే. దొర భూముల లెక్క, వెట్టి లెక్క అన్నీ రాసేది అతనే. ఏడు పుస్తకాలు గుడ్డలో చుట్టి, నా చేతులతో నేనే తీసుకుపోయి అతని ముందు పెట్టాను. లెక్క తప్ప ఏదీ రానివాడు కథ రాశాడని మెచ్చుకుంటాడేమో అన్న ఆశ కూడా ఉండింది. ఎందుకు దాచాలి.

“నీ బిడ్డ చెప్పిందా? కిస్మత్ ఉందిరా నీకు,” అన్నాడు. మూడు దినాలు ఉంచుకున్నాడు. పడవ కథలో రెండు అక్షరాలు దిద్దాడు కూడా.

నాలుగో దినం పిలిపించాడు. అరుగు మీద ఆరో పుస్తకం తెరిచి ఉంది.

“ఏందిరా, ఐగుప్తుల బానిసల ఇండ్లు ఎన్ని?”

“పద్నాలుగు, అయ్యా.”

“ఇంటికి ఎన్ని దినాలు పని?”

“తొమ్మిది.”

“గోడకు రాయి?”

“అరవై బండ్లు.”

“నలభై ఒకటో బండికి ఒక పిల్ల కాలు నలిగింది. రెండు వేళ్లు. అవునా?” పుస్తకం మూశాడు. “ఐగుప్తు లెక్క, నా దఫ్తరు లెక్క ఒక్కటెట్ల అయిందిరా?”

నాకు అప్పుడు తెలిసింది. పేర్లన్నీ మార్చాం. ఊరు మార్చాం, దొరను రాజును చేశాం, చెరువులో బండలను నడిపించాం. అంకెలు మాత్రం మార్చలేదు. బిడ్డ లెక్కలు నువ్వే పెట్టు అంది, నేను నాకు తెలిసిన లెక్క పెట్టాను. నా చెయ్యి ఇంకో అంకె రాయలేదు.

“పదిహేను ఇండ్లని రాస్తే నీ సొమ్మేం పోతుండె?” అన్నాడు పట్వారీ.

“పద్నాలుగే ఉన్నయి కదా, అయ్యా.”

“కథరా అది! కథల కూడా నీకు పద్నాలుగేనా?”

“పులులను నా బిడ్డ కల్పించింది. బండ్లను ఎవరు కల్పించలె.”

చెంప మీద కొట్టాడు. ఒక్కటే దెబ్బ. పుస్తకాలు లోపలికి పోయాయి. మర్నాడు దొర హుకుం అని చాటించారు. ఆ నెల ఇంటికి ఇంకో తొమ్మిది దినాలు. కారణం అడిగినవాళ్లకు పట్వారీ ఒకటే చెప్పాడు. “కథలు వినే తీరిక ఉంటే పని చేసే తీరిక ఉండదా?”

మా వాళ్లు దొరను ఏమీ అనలేదు. పట్వారీనీ అనలేదు. పక్క గుడిసె ముసలమ్మ మా వాకిట్లోకి వచ్చి, నా బిడ్డ ముఖం మీదే అంది. “నీ పడవల మమ్ములందరిని ఎక్కించి ముంచితివి కదనే!” నా బిడ్డ కుంటుతూ తన తొమ్మిది దినాలు తనే మోసింది. నేను మోస్తానంటే గంప ఇవ్వలేదు. నర్సమ్మ బదిలీ మీద పోయే దినం వచ్చింది. ఒట్టి చేతులతో పోయి ఆమెకు సంగతి చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుంది. కొత్తగా వచ్చిన నర్సమ్మకు కథలు వినే ఓపిక లేదు.

ఆ దినం నుంచి నా బిడ్డ కథ చెప్పలేదు. అవసరానికి మాట్లాడేది. ఉప్పు, నీళ్లు, వచ్చినవా, తిన్నవా. మధ్యాహ్నం బండ నీడలో పిల్లలు వచ్చి కూర్చునేవాళ్లు, కాసేపు చూసి లేచిపోయేవాళ్లు. పదిహేడు నెలలు అట్లా గడిచాయి.

తరువాత సర్కారు మారింది. ఫౌజు వచ్చింది, దొర నగరంలో ఎవరో చుట్టాల ఇంట్లో దాక్కున్నాడు. వెట్టి లేదన్నారు. పట్వారీ మాత్రం ఎక్కడికీ పోలేదు. నెత్తిన కొత్త సర్కారు వాళ్ల తెల్లటోపీ పెట్టుకుని అదే అరుగు మీద, అదే దఫ్తరు ముందు కూర్చున్నాడు. ఒంటిని రెండుగా కోసినా నాకు అంత మంట పుట్టదు.

పోయి అడిగాను. “నా పుస్తకాలు ఇయ్యి.”

“రా రా, కూసో.” ఎన్నడూ కూర్చోమనని మనిషి. “అవి ఇంక యాడున్నయి? ఎందుకు పరేషానైతవు? నీ బిడ్డకు నోట్లెనే ఉన్నది కదా కథ. మళ్ల చెప్తది, మళ్ల రాసుకో. కాగితాల పైసలు కావాల్నంటే నేనిస్త.”

ఐగుప్తు రాజు కూడా ఇదే అన్నాడు. ఇటుకలకు గడ్డి మేమివ్వం, మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం తగ్గొద్దు. నర్సమ్మ చెప్పినప్పుడు ఇట్లాంటి మనుషులు కూడా ఉంటారా అనుకున్నాను.

అప్పుడే గోడ వార ఎండలో బుట్టలు కనిపించాయి. కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, కుండ మీద మెత్తి ఎండబెడతారే, ఆ గుజ్జు బుట్టలు. ఆరు. ఒకదాని మీద అందం కోసం, రాత ఉన్న కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. నా చేతి రాత. ‘పద్నాలుగు’ అన్న మాట పూర్తిగా చదవవస్తోంది. గంపలో నీళ్ల మీద పోయిన పసిబిడ్డ కథను రుబ్బి బుట్ట చేశారు. అందులో మిరపకాయలు పోశారు.

పట్వారీ భార్య లోపలి నుంచి వచ్చింది. ఆమెకు ఏమీ తెలియదు, పాపం. “ఒక్కో పుస్తకానికి ఒక్కో బుట్ట అయింది. ఏడోదానికి మెంతులు సాలలె. పైన అంటించంగ మిగిలినవి గూట్లె ఉన్నయి, కావాల్నా?”

ఇరవై మూడు ఆకులు. ఆమె ముందే రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. బుట్ట తీసుకుపొమ్మంది, తీసుకోలేదు.

ఇంటికి తెచ్చి బిడ్డ ముందు పెట్టాను. చెరువు దాటే ఘట్టం, చివరి భాగం. కూర్చుని మొదటి ఆకు నుంచి చదువుకుంది. చదవడం నేనే నేర్పాను. ఒకచోట ఆగింది.

“నాయినా, ఈడ బండలు నీళ్లల్ల దిగినప్పుడు ఎన్ని అని రాసినవు?”

“నూట పన్నెండు.”

“ఎక్కడివి నూట పన్నెండు?”

“చెరువు గట్టు నుంచి చూస్తే కనపడేవి. ఎంచి రాసిన.”

పదిహేడు నెలల తరువాత నా బిడ్డ పకపకా నవ్వింది. “నువ్వు మారవు,” అంది. మర్నాడు కాగితాలు తెమ్మంది.

మొదటి నుంచి మళ్లీ చెబుతోంది. అవే మాటలు రావడం లేదు. పులులకు చెప్పిన కథ వేరే అయింది. బాగుందంటాను, అప్పటి కథే బాగుండేదని దానికి తెలుసు, నాకూ తెలుసు. ఐగుప్తు వచ్చినప్పుడు నేనే భయపడి అడిగాను. “ఇండ్లు ఎన్నని పెట్టాలె, బిడ్డా? మారుద్దామా?”

“పద్నాలుగు,” అంది. “ఎవడన్న అడిగితే నా పేరు చెప్పు.”

మధ్యాహ్నం బండ నీడలో మళ్లీ మనుషులు చేరుతున్నారు. ముసలమ్మ కూడా వస్తుంది, కాస్త ఎడంగా కూర్చుంటుంది. నా బిడ్డ ఆమెను పడవలో ఎక్కించింది, పేడ ఎత్తే పనికి.

మొన్న నార్సింగిలో పట్వారీ ఎదురయ్యాడు. “మళ్ల రాస్తున్నరంట కదా? ఎన్ని ఆకులైనయి?”

“ఎనభై ఎనిమిది.”

“సూసినవా, నేను చెప్పలే? ఇగ మన మధ్యల ఏం లేనట్టే.”

లేనట్టు కాదు. ఆ ఎనభై ఎనిమిది ఆకులు నా బిడ్డ రెండోసారి చేసిన చాకిరీ. అతని తరఫున వెట్టి చేసి అతని బాకీ తగ్గించడానికి అది చెప్పడం లేదు. వాటిని ఒక్క ఆకైనా అతని వైపు జమ కట్టను. అతను ఇచ్చినవి ఇరవై మూడు. మూడు వందల ముప్పై ఆరులో ఇరవై మూడు తీసేస్తే, ఈ దినం వరకు అతను మాకు ఇవ్వాల్సినవి మూడు వందల పదమూడు ఆకులు.