కొలెస్ట్రాల్ క్లాసుకు వెళ్లిన అత్తమ్మ

మొన్న పరగడుపున రక్తపరీక్షకు వెళితే, పక్క కుర్చీలో పదో తరగతి చదివే ఒక బొద్దు పిల్ల చున్నీని పొట్ట మీదికి లాక్కుంటూ వాళ్లమ్మ చాటున ముడుచుకుని కూర్చుంది. పిల్లకు కొలెస్ట్రాల్ ఎక్కువుందని ఆ తల్లి దిగులుగా చెబుతుంటే, నాకు మా అత్తమ్మ గుర్తుకొచ్చింది.

మావారు ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసే రోజుల్లో, ఒకనాడు అక్కడే గుండెనొప్పితో కూలబడ్డారు. గండం గడిచింది గానీ, డాక్టరు ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించమంటే, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికీ కొలెస్ట్రాల్ ఎక్కువని తేలింది. లావని అందరూ వెక్కిరిస్తారని ఆటల పీరియడ్‌లో కూడా తరగతి గది దాటని పిల్ల అది. "అమ్మా, నాన్నకచ్చినట్టే నాకూ అస్తదా?" అని అడిగింది.

ఇలాంటి పిల్లల కోసం మావారికి వైద్యం చేసిన దవాఖానలోనే ఒక డైటీషియన్ అమ్మాయి ఆదివారాలు క్లాసులు చెప్పేది. నేను మావారిని వదిలి కదల్లేని పరిస్థితి కాబట్టి, పిల్లను వెంటబెట్టుకుని అత్తమ్మే వెళ్లింది. నర్సంపేట దగ్గరి పల్లెలో, వరి అన్నం పండుగలకే దొరికే ఇంట్లో పుట్టిన మనిషి. మనవరాలికి ముద్ద మీద ముద్ద పెట్టడమే ఆమెకు తెలిసిన ప్రేమ. మొదటి క్లాసు నుంచి ఇంటికి మండిపడుతూ వచ్చింది. "తెల్లన్నం కోసం బతుకంత కష్టపడితిమి, మళ్ల జొన్నరొట్టె తినుమంటాంది ఆ క్లాసు చెప్పే పిల్ల!"

అయినా మరుసటి ఆదివారం వెళ్లింది. ఆ డైటీషియన్ ఎవరినీ తప్పుపట్టలేదట. పిల్లను మాడ్చొద్దని, ఒక్కదానికే వేరుగా వండి మనసు విరిచేయొద్దని, ఇంటిల్లిపాదీ ఒకే వంట తినమని చెప్పిందట. ఆ మాట అత్తమ్మకు ఎక్కడో తాకింది. బేకరీ పఫ్‌లు, కూల్‌డ్రింకులు మానిపించి, కూరల్లో నూనె తగ్గించి, తోటకూర పప్పుతో జొన్నరొట్టెలు మొదట తనే తిని చూపించేది.

నడక దగ్గరే చిక్కొచ్చింది. అందరూ చూస్తారని పిల్ల గడప దాటనంది. అప్పుడు అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. "ఒక్కదాన్నే పోతె పడ్త బిడ్డా, జర చెయ్యి పట్టుకోని తీస్కపో." ఆమె మోకాళ్లకు ఏ నొప్పీ లేదని నాకు తెలుసు. ఆ రోజు నుంచి ఇద్దరూ నడకకు వెళుతుంటే, ఎదురొచ్చినవాళ్లంతా ముసలమ్మనే పలకరించేవారు, పిల్లను పట్టించుకునేవారు కాదు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం అత్తమ్మ ఒక్కతే రొప్పుతూ ఇంటికొచ్చి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "పొల్ల నన్ను ఇడిసిపెట్టి ఉరికిందే!"

మళ్లీ పరీక్ష చేయిస్తే కొలెస్ట్రాల్ చాలావరకు తగ్గింది. పిల్ల సన్నబడింది కొంచెమే గానీ, ఆటల పీరియడ్‌లో అందరితో కలిసి మైదానంలోకి దిగింది, మాకు అదే పెద్ద పండుగ. ఇప్పుడు మడికొండలో ఉద్యోగం చేస్తూ, రోజూ పొద్దున్నే స్నేహితులతో షటిల్ ఆడుతోంది.

అత్తమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇవాళ వీధికో జిమ్ము వచ్చింది, ఏం తినాలో ఫోనే చెబుతుంది, పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని ఎవరికి వారే నడుస్తున్నారు. వాళ్లకు తెలియనిదేమీ లేదు. అయితే, జీవితమంతా ఒక తీరుగా చూపిన ప్రేమను అత్తమ్మలా ముసలితనంలో మరో తీరుగా నేర్చుకోవడం ఎంత కష్టమో, ఆ వయసుకు వచ్చిన నాకు ఇప్పుడు తెలుస్తోంది.