పార్సిల్ కాటా నుంచి విముక్తి

డెబ్బైల చివర్లో, టాటానగర్ స్టేషన్లో బరువు తూచే మిషను ముందు ఒక భారీ మనిషి నాణెం పట్టుకుని పెళ్లికొడుకులా తడబడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

"ఏటి చూత్తన్నారు బావూ? క్రేను డ్రైవర్ని. ఒళ్లు పెరిగిపోయి నిచ్చెనెక్కితే ఆయాసం. కంపెనీ డాక్టరు క్రేను మీంచి దించీసినాడు. ఈ మిషను నా బరువుకి చాలక, ఏడాదిగా పార్సిలాఫీసు కాటా మీద మూటల పక్కన తూగినాను. నూటపది కిలోల లోపుకొత్తే మళ్లీ క్రేనెక్కమన్నాడు."

నాణెం వేశాడు. టికెట్టు పడింది. తను చూడకుండానే నాకిచ్చాడు.

"నూట ఏడు," అన్నాను.

ప్లాట్‌ఫారం దద్దరిల్లేలా అరిచి నన్ను ఎత్తేశాడు. దించాక, టికెట్టు వెనక జాతకం కూడా ఉందన్నాను.

"జాతకవెందుకు బావూ, ముందేపు చాలు!"

నా పొట్ట సంగతి తెలుసు గనక నేను మిషను జోలికి పోలేదు. బాగ్‌బేరాలో ఇంటి దాకా రిక్షా ఎక్కకుండా నడిచాను, అంతే.