నలభై మందికి ఒక్క వెనిల్లా కాయ

మా అప్పాజీ గారికి లోకంలో ఒక్కటే పిచ్చి. తీపి అన్నది పొయ్యెక్కితే చాలు, అందులో వెనిల్లా కాయ పడాల్సిందే. సీసాలో దొరికే ఎసెన్సు కాదు, పొడి కాదు, కాయ. దాన్ని కోయకూడదు, చీరకూడదు, చిదమకూడదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా కాయ కాయలాగే దిగాలి, కాయ కాయలాగే బయటికి రావాలి.

ఇది తొంభై నాలుగో సంవత్సరం మాట. బహ్రెయిన్‌లో హమద్ టౌన్ దాటి కర్జకాన్ వైపు వెళ్ళే దారిలో మా కంపెనీ క్యాంపు. నలభై మంది పనివాళ్ళం, అందరికీ కలిపి అప్పాజీ గారు ఒక్కరే వంటవారు. నేను టైంకీపర్ని. శుక్రవారం సెలవు కదా అని, మా ఊరివాడినన్న చనువుతో ఆయన నాచేత గిన్నెలు తోమించేవారు. అందువల్ల ఈ కాయ చరిత్ర నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

క్యాంపుకి రాకముందు ఆయన మనామాలో ఒక హోటల్లో కేకులు చేసేచోట మూడేళ్ళు గుడ్లు కొట్టారు. ఆ మూడేళ్ళలో గుడ్లు కొట్టడం తప్ప ఏమీ నేర్చుకోలేదు కానీ, ఈ కాయ మీద మోజు మాత్రం పట్టుకొచ్చారు. నెలకోసారి మనామా బజారుకి వెళ్ళి, సన్నటి గాజు గొట్టంలో పెట్టిన కాయ ఒకటి కొని, లుంగీ మడతలో దోపుకుని బస్సెక్కేవారు. నల్లగా, జానెడు పొడవున, ముడతలు పడి ఉండేది. మొదటిసారి చూసినప్పుడు నేను నోరు జారాను.

"మునక్కాడ మాడిపోయినట్టుందండీ."

"మునక్కాడ కాదెహె! వెనిల్లా! వాసన చూడు."

చూశాను. బాగానే ఉంది. అయితే నలభై మందికి వండే డేగిసాలో జానెడు కాయ ఒక్కటి వేస్తే వాసన ఎక్కడ తెలుస్తుంది? తెలియాలంటే డేగిసాలో తల పెట్టాలి. పైగా ఆ ఒక్క కాయనే మూడు శుక్రవారాలు వాడేవారు. వంట కాగానే కడిగి, కిటికీలో ఆరబెట్టి, పంచదార డబ్బాలో పాతిపెట్టేవారు. మూడో వారానికి దానికి వాసన ఉండేది కాదు, గౌరవం మాత్రం ఉండేది.

సేమ్యా పాయసంలో కాయ, పరమాన్నంలో కాయ, రవ్వకేసరిలో కాయ. ఇంతవరకు సరే. ఒకసారి బొబ్బట్లలో పెట్టారు. అది పెనం మీద దుప్పటి కప్పుకున్న పాములా పడుకుంది. ఇంకోసారి సున్నుండలు చేశారు. సున్నుండలో జానెడు కాయ ఎలా పెడతారని అడుగుతారేమో. పెట్టారు. ఇటు మూడంగుళాలు, అటు మూడంగుళాలు పొడుచుకొచ్చింది. తిన్నవాడు ముందు దాన్ని ఎటు పట్టుకోవాలో తెలియక చాలాసేపు తిప్పి చూసుకున్నాడు.

ఈసా టౌన్‌లో ఒక పెద్దింట్లో వంట చేసే బుల్లబ్బాయి ఓ శుక్రవారం భోజనానికి వచ్చి, ఇదంతా చూసి తట్టుకోలేకపోయాడు.

"అప్పాజీ గారండీ, అలాక్కాదండి. కాయని నిలువునా చీరి, లోపలి గింజలు గీకి పాలల్లో వెయ్యాలండి. అప్పుడే అసలు వాసన."

"నువ్వు గుమ్మానికి నిమ్మకాయ ఎలా కడతావురా?"

"దారం గుచ్చి కడతానండి."

"రసం పిండేసి తొక్క కట్టవు కదా? ఇదీ అంతే. పాయసం తాగు."

నిమ్మకాయకీ పాయసానికీ ఏమిటి సంబంధమో బుల్లబ్బాయికి అర్థం కాలేదు. మాకూ కాలేదు. కానీ ఆయన అంత గట్టిగా చెప్పాక అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

ఈ కాయకి ఒక రాజ్యాంగం కూడా ఉండేది. వడ్డనలో కాయ ఎవరి గిన్నెలో పడితే వాడు ఆ వారానికి కాయదొర. వచ్చే శుక్రవారం ఏం వండాలో కాయదొర చెప్పాలి, అప్పాజీ గారు వండాలి. తిరుగు లేదు. ఒకడు పనసపొట్టు కూర అడిగితే, ఆయన మూడు సాయంత్రాలు మనామా అంతా తిరిగి డబ్బాలో పనసకాయ ముక్కలు దొరకబుచ్చుకొచ్చారు. ఇంకొకడు వాళ్ళమ్మ చేసినట్టు మజ్జిగపులుసు కావాలని, పక్కనే నిలబడి ఆయన్ని మూడుసార్లు తిరగమోత పెట్టించాడు. మామూలు రోజుల్లో "ఉప్పు తగ్గిందండీ" అంటే గరిటెత్తే మనిషి, కాయదొర ముందు మాత్రం చేతులు కట్టుకునేవారు.

దొరతనం కోసం తపస్సు చేసినవాడు సోమరాజు. ఇనుప చువ్వలు వంచే పని వాడిది, తిండి కూడా ఆ పనికి తగ్గట్టే. వాడికి చేపల పులుసు కావాలి, కాయ మాత్రం వాడి గిన్నెలో పడదు. ఏడాదిపాటు క్యూలో మొదట నిలబడ్డాడు, చివర నిలబడ్డాడు, లెక్కేసుకుని సరిగ్గా ఇరవయ్యోవాడిగా నిలబడ్డాడు. వెడల్పు గిన్నెకి అవకాశం ఎక్కువని ఒకసారి బట్టలు నానబెట్టే బేసిన్ పట్టుకొచ్చాడు.

"ఇదేంట్రా, పాయసంలో స్నానం చేస్తావా?" అన్నారు అప్పాజీ గారు, ఒక్క గరిటె వేసి. బేసిన్ అడుగున అది కనపడను కూడా లేదు.

ఆ ఏడాది ఎండలు ముదురుతుండగా మా క్యాంపుకి పోశన్న వచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి, మేస్త్రీకి సిమెంటు అందించే పని. ముప్పై తొమ్మిది మందిమీ గోదావరి జిల్లాల వాళ్ళం, పోశన్న ఒక్కడే నిజామాబాద్ వైపు. మొదటి రోజు పులుసు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"గిండ్ల బెల్లమేసిండ్రా?"

"పులుసులో బెల్లం వెయ్యకపోతే అది పులుసేంటయ్యా?" అన్నాడు సోమరాజు, జాలిపడుతూ.

పోశన్న మళ్ళీ మాట్లాడలేదు. తినడం కూడా సగం మానేశాడు. రెండు ముద్దలు మింగి, కంచం కడిగి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. అప్పాజీ గారు నాలుగుసార్లు అడిగారు.

"ఏం తింటావో చెప్పు పోశన్నా, చేసి పెడతాను."

"ఏమద్దు కాకా. మంచిగనే ఉంది."

నాలుగుసార్లూ అదే జవాబు. కంచంలో అన్నం కూడా నాలుగుసార్లూ అలాగే ఉంది. నెల తిరిగేసరికి మనిషి చొక్కాకి కొక్కెంలా తయారయ్యాడు. ఒకరోజు డ్యూటీలో కళ్ళు తిరిగి పరంజా మీంచి పడ్డాడు. అదృష్టం బాగుండి కింద ఇసక కుప్ప ఉంది. ఫోర్‌మన్ వచ్చి చూసి, వేలు చూపించి చెప్పాడు.

"ఏక్ బార్ ఔర్ గిరా తో ఖలాస్. సీదా గావ్ వాపస్."

ఇంకొక్కసారి పడితే ఊరికి పంపించేస్తారన్నమాట. అంతకన్నా, ఇంకోసారి ఇసక కుప్పే ఉంటుందన్న నమ్మకం ఏముంది? ఈ సంగతి విన్నాక అప్పాజీ గారు రెండు రోజులు కూరలో ఉప్పు రెండేసిసార్లు వేశారు. నాకూ భయం వేసింది.

ఆ శుక్రవారం సేమ్యా పాయసం. పోశన్న క్యూలో నా ముందు, సోమరాజు పోశన్న పక్కనే ఉన్నారు. సోమరాజు ఆ రోజు ఏ ఎత్తూ వేయలేదు. ఆశ చచ్చిపోయి మామూలు గిన్నెతో వచ్చాడు. నేను ఊరికే డేగిసాలోకి తొంగి చూశాను. ఏడాదిగా గిన్నెలు తోముతున్నా చూడని వింత అప్పుడు చూశాను. కాయ పాయసంలో తేలడం లేదు. డేగిసా లోపలి గోడకి, అప్పాజీ గారి వైపు, పైన అంటించి ఉంది. పోశన్న గిన్నె చాపగానే, ఆయన గరిటె అంచుతో దాన్ని మెల్లగా జార్చి పాయసంతో కలిపి ఎత్తారు.

సరిగ్గా అప్పుడే పోశన్న గిన్నె వెనక్కి లాక్కున్నాడు.

"నాకద్దు కాకా. తీపి పోతలేదు."

ఎత్తిన గరిటె ఆగలేదు. సందు దొరికితే చాలని కాచుక్కూర్చునే సోమరాజు గిన్నె కిందికి వచ్చేసింది. కాయ దభీమని అందులో పడింది.

"వచ్చేసిందండోయ్!" సోమరాజు కేకకి పక్క క్యాంపులో కుక్కలు మొరిగాయి. "కాయ వచ్చేసింది! చేపల పులుసు!"

అప్పాజీ గారు గరిటె అడ్డం పెట్టారు.

"అది కాయ కాదు," అన్నారు.

"ఆయ్?"

"అది కాయ కాదంటున్నాను."

"మరేంటండీ?"

"మునక్కాడ."

"పాయసంలో మునక్కాడేంటండీ!"

"నా వంట, నా ఇష్టం. అసలు కాయ ఇదిగో." లుంగీ మడతలోంచి కొత్త గాజు గొట్టం తీసి, మూత పీకి, వచ్చే నెలకని దాచుకున్న కాయని తీసి, పోశన్న చేతిలో ఉన్న ఖాళీ గిన్నెలో వేశారు. దాని మీద ఒక గరిటె పాయసం కూడా పోసి, ఏమీ ఎరగనట్టు మా వంక చూశారు.

క్యూలో అందరి బుర్రలూ ఒకేసారి పాత శుక్రవారాల్లోకి వెనక్కి తిరుగుతున్నాయి. పనసపొట్టు అడిగినవాడికి ఆ వారమే తమ్ముడు పోయాడని కబురొచ్చింది. మజ్జిగపులుసు వాడికి ఊరెళ్ళడానికి కంపెనీ సెలవు ఇవ్వనంది. నాకు జ్వరం వచ్చి పది రోజులు మంచం మీద ఉండి లేచిన శుక్రవారం కాయ నాకే పడితే, నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. అదృష్టం కాదు, చేతివాటం!

అందరం సోమరాజు వంక చూశాం. ఏడాది తపస్సు వాడిది. కాయ వాడి గిన్నెలో ఉంది, న్యాయం వాడి వైపు ఉంది. వాడు తన గిన్నెలోకి చూశాడు, పోశన్న ఎముకల వంక చూశాడు. కాయని పైకి తీసి, కొస నోట్లో పెట్టుకుని, మునక్కాడని నమిలినట్టే పరపరా నమిలి, పిప్పి పక్కన ఉమ్మేశాడు. వాడి మొహం చేదు మందు తాగినట్టు అయిపోయింది.

"మునక్కాడేనండోయ్," అన్నాడు. "కాస్త ముదిరింది."

"పోశన్న కాయదొరా!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. అంతా అందుకున్నారు.

పోశన్న బిత్తరపోయాడు. దొరంటే ఏం చెయ్యాలో నేను వివరంగా చెప్పాను. ఏం కావాలన్నా అడగొచ్చు, అడగకపోతే వచ్చేవారం క్యాంపంతా పస్తు అని కూడా కలిపాను. ఆ రెండోది నేను అప్పటికప్పుడు కల్పించిన రూలు. పోశన్న గిన్నెలోకి చూసి, సిగ్గుపడుతూ, వినీ వినపడకుండా అన్నాడు.

"సర్వపిండి."

మధ్యాహ్నం గిన్నెలు తోముతూ నేను ఆగలేక అడిగేశాను. "పోశన్నకి ఏం కావాలో నాలుగుసార్లు అడిగారు కదండీ. ఇంకోసారి గట్టిగా అడిగితే సరిపోయేది. ఈ కాయ గొడవంతా ఎందుకండీ?"

"అడిగితే చెబుతాడేంట్రా? నలభై మందికి వండేవాణ్ణి, నాకొక్కడికి వేరే వండమని ఏ మొగాడు నోరు తెరుస్తాడు? బానే ఉందంటాడు, ఎండిపోతాడు. అదే కాయ వచ్చిందనుకో, అది వాడి హక్కు. దర్జాగా అడుగుతాడు."

"మరి బుల్లబ్బాయి చెప్పినట్టు చీరితే వాసనైనా వచ్చేది కదండీ."

"చీరితే తలా రెండు గింజలు వస్తాయి. రెండు గింజలు ఇచ్చి ఎవణ్ణి దొరని చేస్తావు? ఆ మూకుడు తోము ముందు."

తర్వాతి శుక్రవారం వంటింట్లో జరిగింది చూడ్డానికి టిక్కెట్టు పెట్టొచ్చు. సర్వపిండి అంటే ఏమిటో అప్పాజీ గారికి తెలియదు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి, గిన్నె లోపల అంతా పలచగా ఒత్తి కాల్చాలి. పోశన్న పక్కన నిలబడి చెబుతున్నాడు, ఆయన ఒత్తుతున్నారు.

"గట్ల గాదు కాకా! పల్చగ! నువ్వు గోడకు సున్నమేస్తున్నవా?"

"ఇలాగా?"

"ఇగ వేళ్ళతోని బొక్కలు పెట్టు. బొక్కలకెల్లి నూనె దిగాలె. అరే, గంత పెద్ద బొక్కేందే! ఎలుక దూరుతది!"

ఆరు వారాలు నోరు విప్పని మనిషి ఆ పూట ఆరు వారాల మాటలూ కక్కేశాడు. ఐదు సర్వపిండ్లు తిన్నాడు. ఆరోది సోమరాజుతో చెరి సగం పంచుకున్నాడు.

శనివారం పొద్దున ఫోర్‌మన్ పరంజా కింద నిలబడి పైకి చూస్తే, పోశన్న సిమెంటు తట్ట అందిస్తూ, మేస్త్రీకి మా గోదారి వంటల్లో తప్పులు ఏమిటో ఒకటొకటిగా చెబుతున్నాడు. ఫోర్‌మన్ నా దగ్గరికొచ్చి, మొన్నటిదాకా వీడు మూగవాడు కదా, ఇప్పుడు నోరు మూయించడం ఎలాగని హిందీలో మొర పెట్టుకున్నాడు. ఊరికి పంపే ఊసు మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఇంత జరిగినా, తన చేతివాటం క్యాంపులో ఎవరూ కనిపెట్టలేదనే అప్పాజీ గారి నమ్మకం. మేమూ ఆయన్ని అలాగే నమ్మనిచ్చాం. ఆ తర్వాతి శుక్రవారం పరమాన్నం వడ్డిస్తుంటే, సోమరాజు తన వంతు వదిలేసి, వెనకాల తలొంచుకుని నిలబడ్డ తోటి పనివాడు మంగరాజుని రెక్క పట్టుకుని డేగిసా ముందుకి లాక్కొచ్చాడు. అప్పాజీ గారి చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసలాడాడు.

"ఇంటి నుంచొచ్చిన ఉత్తరం చదివిన కాణ్ణుంచి ఒకటే ఏడుపండి వీడు. గరిటె కాస్త చూసుకోండి."

అప్పాజీ గారు కళ్ళెర్రజేశారు. "నా చేతిలో ఏముంది? అంతా కాయ ఇష్టం!" అని గద్దించి, గరిటెని మెల్లగా డేగిసా గోడ పక్కకి దింపారు.